స్టోరేజీ ఎన్నాళ్లు వస్తుంది? నెలవారీ నివేదిక తయారీలో నా అనుభవం

మా సంస్థలో విభాగాలన్నీ కలిసి వాడుకునే నెట్‌వర్క్ స్టోరేజీ గురించి ప్రతి నెలా యాజమాన్యానికి ఒక నివేదిక వెళ్లాలి. ఆ బాధ్యత నాకు అప్పగించేనాటికి నివేదిక అంటే స్టోరేజీతోపాటు వచ్చిన డ్యాష్‌బోర్డు నుంచి తీసిన కొన్ని స్క్రీన్‌షాట్లు, వాటి కింద ఒకటి రెండు వాక్యాలు. వాటిలో అబద్ధమేమీ లేదు, కానీ వాటిని చదివి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేరు. బడ్జెట్ సమావేశంలో ఆర్థిక విభాగం అధిపతి ఆ కాగితాలు తిరగేసి, "ఇదంతా సరేనండీ, ఇప్పుడున్నది ఎన్నాళ్లు వస్తుంది? మళ్లీ ఎప్పుడు కొనాలి?" అని అడిగారు. జవాబు ఆ కాగితాల్లో లేదు. ఆ ప్రశ్నకు నికరంగా జవాబు చెప్పగలిగే నివేదికను తయారు చేసిన క్రమాన్ని, దారిలో తెలిసివచ్చిన సంగతులను, ఇదే పనిలో ఉన్నవారికి పనికొస్తాయన్న నమ్మకంతో ఇక్కడ రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసి వచ్చింది అసలు ఎంత ఉందన్నది. కొనుగోలు కాగితాల్లో ఒక అంకె, స్టోరేజీని నడిపే కంట్రోలర్ తెర మీద మరో అంకె, సర్వర్‌లో ఖాళీ చోటు చూపే డీఎఫ్ కమాండ్ కొడితే ఇంకో అంకె కనిపించేవి. మూడూ నిజమే. డిస్కులు అమర్చిన ఒక్క షెల్ఫును తీసుకుని చూస్తే సంగతి తెలుస్తుంది. 10 టెరాబైట్ల డిస్కులు 12 ఉంటే కాగితం మీద 120 టెరాబైట్లు. రెండు డిస్కులు చెడినా డేటా పోకుండా కాపాడే రెయిడ్ 6 పద్ధతిలో రెండు డిస్కులంత చోటు పారిటీకి (పోయిన డేటాను తిరిగి కట్టడానికి దాచే అదనపు సమాచారానికి) పోతుంది కాబట్టి 100 మిగులుతాయి. డిస్కులు తయారు చేసేవారు టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. చాలా సాఫ్ట్‌వేర్లు మాత్రం 1,024ను నాలుగుసార్లు హెచ్చవేసి వచ్చిన సంఖ్యను ప్రమాణంగా తీసుకుంటాయి. ఈ రెండో కొలతకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే టెబిబైట్ అని వేరే పేరు పెట్టినా, చాలా తెరల మీద అది ఇప్పటికీ టెరాబైట్ అనే కనిపిస్తుంది. ఈ తేడా ఒక్కదానితోనే 100 కాస్తా 90.9 అవుతుంది. అందులో 10 శాతం స్నాప్‌షాట్ల (ఒక క్షణాన డేటా ఉన్న స్థితిని పట్టి ఉంచే ప్రతుల) కోసం పక్కన పెడితే వాడుకునేవారికి దక్కేది 82 లోపే. 120 ఎలా 82 అయిందో ఒకసారి కాగితం మీద మెట్టు మెట్టుగా చూపించాక ఆర్థిక విభాగంవారు ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. అప్పటి నుంచి నివేదిక మొదటి పేజీలోనే, ఇందులోని ప్రతి అంకె పారిటీ, స్నాప్‌షాట్ కేటాయింపు తీసివేసిన తరువాత మిగిలే చోటును టెబిబైట్లలో చూపుతుందని ఒక వాక్యం రాస్తున్నాను. నా దృష్టిలో నివేదిక మొత్తంలో అత్యంత ముఖ్యమైన వాక్యం అదే.

ఆ తరువాత వచ్చిన చిక్కు థిన్ ప్రొవిజనింగ్. ఒక విభాగానికి 20 టెబిబైట్ల వాల్యూమ్ (వారికి ఒక డిస్కులా కనిపించే వాటా) ఇచ్చామంటే అంత చోటు ఆ క్షణాన పక్కకు పెట్టినట్టు కాదు. వాళ్లు రాసినకొద్దీ డిస్కులను కలిపి చేసిన ఉమ్మడి పూల్ నుంచి చోటు వెళుతుంది. డిపాజిటర్లందరూ ఒకేరోజు డబ్బు తీసుకోరన్న ధీమాతో బ్యాంకు నడిచినట్టే ఇదీ నడుస్తుంది. అందుచేత ప్రతి పూల్‌కూ మూడు అంకెలు వేరువేరుగా చూపించాలని నిర్ణయించుకున్నాను: విభాగాలకు మాట ఇచ్చిన మొత్తం, విభాగాలు తాము రాశామనుకుంటున్న మొత్తం, డీడూప్లికేషన్ (ఒకే డేటా పలుమార్లు ఉంటే ఒక్కసారే దాచడం), కంప్రెషన్ (డేటాను కుదించడం) తరువాత డిస్కు మీద నిజంగా పడిన మొత్తం. మాట ఇచ్చినది పూల్ సామర్థ్యానికి రెట్టింపు అయినా ప్రమాదం కాకపోవచ్చు. కానీ ఆ పూల్ నిండితే ఆగిపోయేది ఒక్క విభాగం కాదు, దాని మీద ఉన్న వాల్యూమ్‌లన్నీ ఒకేసారి రాతలను నిరాకరిస్తాయి. కాబట్టి వాల్యూమ్‌ల స్థాయిలో పెట్టే హెచ్చరికల కన్నా పూల్ స్థాయిలో పెట్టే హెచ్చరికే ముందు మోగాలి.

డేటా తీసేసినా చోటు రావడం లేదన్న ఫిర్యాదు డిజైన్ విభాగం నుంచి వచ్చింది. ఆ విభాగం బాధ్యుడు ఫోన్ చేసి, "సార్, పాత ప్రాజెక్టులు రెండు టెరాబైట్ల దాకా తీసేశాం, ఒక్క గిగాబైటు కూడా పెరగలేదేమిటండీ?" అన్నారు. వారి వాల్యూమ్ స్నాప్‌షాట్ల జాబితా తెరిచి చూపించాను. ఫైలును తొలగించినా, దాని బ్లాకులను (డిస్కు మీద డేటా ఉండే ముక్కలను) పట్టుకుని ఉన్న స్నాప్‌షాట్ ఒక్కటి మిగిలి ఉన్నంతకాలం ఆ బ్లాకులు విడుదల కావు. రోజువారీ స్నాప్‌షాట్లు కొద్ది రోజుల్లో వాటంతట అవే పోయేవి. ఆ చోటును పట్టుకుని కూర్చున్నది మాత్రం ఎవరో ఒక అప్‌గ్రేడ్‌కు ముందు చేత్తో తీసి పేరు పెట్టి వదిలేసిన స్నాప్‌షాట్. షెడ్యూల్‌లో లేనిది కాబట్టి దానికి గడువు లేదు. దాన్ని తీసేశాక చోటు వచ్చింది. అప్పటి నుంచి షెడ్యూల్ ప్రకారం కాక చేత్తో తీసిన స్నాప్‌షాట్లు, వాటి వయసు, అవి పట్టుకున్న చోటు నివేదికలో ఒక చిన్న పట్టికగా వస్తున్నాయి. వర్చువల్ మెషీన్ల వైపు కూడా ఇలాంటిదే ఉంది: లోపల ఫైల్ సిస్టమ్ ఖాళీ అయినా, ఆ చోటు ఇక అక్కర్లేదని చెప్పే అన్‌మ్యాప్ ఆదేశం, కింద ఉన్న స్టోరేజీ దాకా చేరకపోతే పూల్‌కు ఆ సంగతి తెలియదు.

చోటు ఉండగానే "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అన్న సందేశం రావడం మరో రకం. కోట్ల కొద్దీ చిన్న ఫైళ్లు రాసే అప్లికేషన్ల దగ్గర ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదు గళ్లు) ముందే అయిపోతాయి. ఐనోడ్‌ల శాతాన్ని చోటు శాతం పక్కనే పెడితే సరిపోతుంది. డీఎఫ్ ఆదేశానికి హైఫన్ ఐ తగిలిస్తే ఆ అంకె వస్తుంది.

ఇక అంకెల సేకరణ. మొదట నెట్‌వర్క్‌లోని పరికరాల నుంచి అంకెలు అడిగి తెచ్చే ఎస్ఎన్‌ఎంపీ మీద ఆధారపడదామనుకున్నాను, ఎందుకంటే స్విచ్‌లు, సర్వర్లు, స్టోరేజీ అన్నీ ఆ భాష మాట్లాడతాయి. కానీ పెద్ద వాల్యూమ్‌ల దగ్గర దానికి ఒక హద్దు ఉంది. అది అడగగల అంకెల జాబితాల్లో ఒకటైన హోస్ట్ రిసోర్సెస్ ఎంఐబీలో వాల్యూమ్ పరిమాణం 32 బిట్ల పూర్ణాంకంగా, బ్లాకుల సంఖ్యలో వస్తుంది. బ్లాకు 4 కిలోబైట్లయితే 8 టెబిబైట్లు దాటిన వాల్యూమ్ ఆ అంకెలో పట్టదు, కొన్నిచోట్ల రుణ సంఖ్యగా కూడా కనిపిస్తుంది. నెట్‌వర్క్ పోర్టుల 32 బిట్ల కౌంటర్ల సంగతీ అంతే: ఒక గిగాబిట్ లింకు నిండుగా నడిస్తే ఆ కౌంటరు దాదాపు 34 సెకన్లలో, 10 గిగాబిట్ లింకయితే మూడున్నర సెకన్లలోపే చుట్టు తిరిగి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఐదు నిమిషాలకొకసారి చదివేవారికి మధ్యలో ఎన్నిసార్లు తిరిగిందో తెలిసే మార్గం లేదు. అందువల్ల పోర్టులకు 64 బిట్ల కౌంటర్లను, సామర్థ్యానికి స్టోరేజీ ఇచ్చే రెస్ట్ ఏపీఐని (ప్రోగ్రాములు వెబ్ పద్ధతిలో అంకెలు అడిగే మార్గాన్ని) ఎంచుకున్నాను. కంట్రోలర్ రీబూట్ అయినా, ఒకదాని పని మరొకటి అందుకున్నా కౌంటర్లు సున్నాకు వస్తాయి కాబట్టి, క్రితం విలువకన్నా తక్కువ వచ్చిన చోట తేడా లెక్క వేయకుండా ఆ విరామాన్ని ఖాళీగా వదలమని స్క్రిప్టులో రాశాను. అన్ని యంత్రాల గడియారాలూ ఎన్‌టీపీతో ఒకటిగా ఉండటం ఎంత అవసరమో తరువాత పనితీరు విషయంలో అర్థమైంది. సర్వర్‌లో కనిపించిన కుదుపును స్టోరేజీలో కనిపించిన కుదుపుతో జత చేయాలంటే రెండూ ఒకే సమయాన్ని చెప్పాలి కదా.

సేకరించినవాటిని ఎంతకాలం, ఏ రూపంలో దాచాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ నివేదిక బతుకంతా దాని మీదే ఉంది. ఆర్‌ఆర్‌డీటూల్ వంటి పరికరాలు పాత అంకెలను కుదించి నిల్వ చేస్తాయి: ఐదు నిమిషాల విలువలు కొంతకాలానికి గంట సగటులవుతాయి, ఆ పైన రోజు సగటులవుతాయి. ఉదయం పది నిమిషాల పాటు స్టోరేజీ ఊపిరాడక నిలబడిపోయిన సంఘటన రోజు సగటులో ఆనవాలు లేకుండా పోతుంది. కొలతలు సేకరించి దాచే ప్రొమీథియస్ సాఫ్ట్‌వేర్‌కు వేరే చెప్పకపోతే 15 రోజుల డేటానే ఉంచుతుంది. సంవత్సరాల పెరుగుదలను అంచనా వేయవలసిన మనిషికి అది చాలదు. సామర్థ్యానికి సంబంధించిన అంకెలు రోజుకు ఒకటి చాలు, కానీ వాటిని ఎన్నటికీ తీసేయకూడదు. పనితీరుకు సంబంధించినవి దగ్గర దగ్గరగా తీసుకోవాలి. కుదించినప్పుడు సగటుతోపాటు గరిష్ఠాన్నీ దాచాలి. ఈ రెండింటికీ వేరువేరు నిల్వ విధానాలు పెట్టుకున్నాను.

పనితీరు దగ్గరకు వచ్చేసరికి పని నిజంగా కష్టమైంది, నాకు ఎక్కువ ఇష్టమైన భాగం కూడా అదే. ఒక విభాగం వారు ఫైళ్లు తెరవడం చాలా ఆలస్యమవుతోందని పదేపదే అంటున్నారు. స్టోరేజీ డ్యాష్‌బోర్డు మాత్రం సగటు ల్యాటెన్సీ (అభ్యర్థనకు జవాబు ఇవ్వడానికి పట్టే కాలం) ఒక మిల్లీసెకను అని చూపిస్తోంది. రెండు మాటల్లో ఒకటి అబద్ధమని అనుకోనక్కర్లేదు, కొలిచిన చోటు వేరు. స్టోరేజీ తన దగ్గరకు అభ్యర్థన చేరినప్పటి నుంచి జవాబు పంపేదాకా కొలుస్తుంది. దారిలో పట్టిన కాలం, సర్వర్‌లో వరుసలో నిలబడిన కాలం దాని లెక్కలోకి రావు. ఆ విభాగం సర్వర్‌లో, నెట్‌వర్క్ మీద ఫైళ్లు వాడుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతికి కొలతలు చెప్పే ఎన్‌ఎఫ్‌ఎస్‌ఐఓస్టాట్ నడిపి చూశాను. అది ప్రతి మౌంట్‌కూ (సర్వర్‌కు తగిలించిన ప్రతి వాల్యూమ్‌కూ) రెండు కాలాలు చెబుతుంది: అభ్యర్థన నెట్‌వర్క్ మీదికి వెళ్లి జవాబు వచ్చేదాకా పట్టిన కాలం ఒకటి, వరుసలో నిలబడటంతో కలిపి మొత్తం పట్టిన కాలం మరొకటి. వాటి పక్కనే మళ్లీ పంపవలసి వచ్చిన అభ్యర్థనల లెక్క కూడా ఉంటుంది. సర్వర్ వైపు రానూపోనూ కాలం స్టోరేజీ చెప్పినదానికి ఎన్నో రెట్లు ఉంది, మళ్లీ పంపినవాటి లెక్క సున్నా కాదు. అంటే సమస్య మధ్యలో ఉంది. దారిలోని స్విచ్‌లో ఒక్కో పోర్టు కౌంటర్లు తీసి చూస్తే ఒకదాని మీద సీఆర్‌సీ దోషాలు (దారిలో పాడై వచ్చిన డేటా ముక్కల లెక్క) పెరుగుతూ కనిపించాయి. అక్కడి కేబుల్ మార్చాక రెండు కొలతలూ దగ్గరకు వచ్చాయి. స్టోరేజీకి సంబంధించిన పనితీరు నివేదికలో స్టోరేజీ చెప్పిన అంకె ఒక్కటే ఉంటే అది సగం నివేదికేనని అప్పటి నుంచి గట్టిగా చెబుతున్నాను. వాడుకునే సర్వర్ వైపు కొలత దాని పక్కన తప్పక ఉండాలి.

సగటు చేసే మాయ కూడా అక్కడే బయటపడింది. 100 అభ్యర్థనల్లో 99 ఒక్కో మిల్లీసెకనులో పూర్తయి, మిగిలిన ఒక్కటి 101 మిల్లీసెకన్లు తీసుకుంటే సగటు 2 మిల్లీసెకన్లే వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఇది మరింత తీవ్రం, ఎందుకంటే ఫైలు వివరాలు అడిగే గెట్‌యాట్ర్, లుకప్, యాక్సెస్ వంటి అభ్యర్థనలు చాలాచోట్ల పెద్ద సంఖ్యలో ఉంటాయి, వాటిలో అధిక భాగానికి మెమరీ నుంచే జవాబు వచ్చేస్తుంది. వాటిని చదవడం, రాయడం అనే అసలు పనులతో కలిపి సగటు తీస్తే నెమ్మదించిన రాతలు ఆ గుంపులో కనిపించకుండా పోతాయి. కాబట్టి చదువు, రాత, మిగిలినవి అని మూడుగా విడదీసి, ఒక్కోదానికీ 95వ, 99వ పర్సంటైల్ (వందలో 95, 99 అభ్యర్థనలు ఎంత కాలంలోపు పూర్తయ్యాయో ఆ అంకె) చూపిస్తున్నాను. పర్సంటైల్‌లతో ఒక జాగ్రత్త ఉంది: 30 రోజుల పర్సంటైల్‌లను కూడి 30తో భాగిస్తే వచ్చేది నెల పర్సంటైల్ కాదు. దానికి నెల మొత్తం విలువలనో, హిస్టోగ్రామ్ డబ్బాలనో (ఏ కాల పరిధిలో ఎన్ని అభ్యర్థనలు పడ్డాయన్న లెక్కలనో) కలిపి మళ్లీ లెక్క వేయాలి.

ఐఓపీఎస్ (సెకనుకు పూర్తయ్యే అభ్యర్థనల) అంకెను ఒంటరిగా నివేదికలో పెట్టడం మానేశాను. 8 కిలోబైట్ల అభ్యర్థనలు సెకనుకు 20,000 అంటే సెకనుకు దాదాపు 160 మెగాబైట్లు. అదే 20,000 అభ్యర్థనలు 64 కిలోబైట్లవైతే 1.3 గిగాబైట్లు అవుతుంది, అది 10 గిగాబిట్ లింకు మోయగలిగినదానికి మించిన బరువు. అభ్యర్థన పరిమాణం చెప్పకుండా సంఖ్య చెబితే అర్థం లేదు. అలాగే జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఈ పనిలో రోజూ పనికొస్తుంది: సెకనుకు పూర్తయ్యే అభ్యర్థనలను ఒక్కోదానికి పట్టే సగటు కాలంతో హెచ్చిస్తే ఏ క్షణాన అయినా లోపల ఉన్న అభ్యర్థనల సగటు సంఖ్య వస్తుంది. 20,000 ఐఓపీఎస్ ఉండి 2 మిల్లీసెకన్ల ల్యాటెన్సీ ఉంటే 40. ల్యాటెన్సీ పెరుగుతూ ఐఓపీఎస్ పెరగకుండా ఉంటే వరుస పొడవవుతోంది, అంటే ఎక్కడో హద్దు తగిలింది. ల్యాటెన్సీ, ఐఓపీఎస్ రెండూ కలిసి పెరుగుతుంటే పని పెరిగిందని అర్థం. రెండు గీతలనూ ఒకే గ్రాఫ్‌లో చూపిస్తే సాంకేతిక నేపథ్యం లేనివారు కూడా ఈ తేడాను పట్టుకోగలిగారు.

చోటు మిగిలి ఉన్నా పనితీరు అయిపోయే పూల్‌లు ఉంటాయి, వాటిని విడిగా చూపించడం చాలా అవసరం. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. సగం చుట్టు తిరిగే కాలానికి హెడ్ కదిలే కాలం కలిపితే చెల్లాచెదురు అభ్యర్థనలు సెకనుకు 75, 80కి మించి చేయలేదు. అలాంటివి 12 ఉన్నా మొత్తం 900 చుట్టుపక్కలే. రెయిడ్ 6లో చెల్లాచెదురుగా పడే ఒక చిన్న రాతకు సంప్రదాయ లెక్క ప్రకారం డిస్కుల మీద ఆరు పనులు జరుగుతాయి కాబట్టి, క్యాష్ (రాతలను కాసేపు పట్టి ఉంచే వేగవంతమైన మెమరీ) సాయం లేని రాతలు సెకనుకు 150 దగ్గర ఆగిపోతాయి. అటువంటి పూల్‌లో సగం చోటు ఖాళీగా ఉందని చెప్పి కొత్త డేటాబేస్‌ను దాని మీద పెడితే పాతవాళ్లూ కొత్తవాళ్లూ అందరూ నష్టపోతారు. నివేదికలో ప్రతి పూల్‌కూ చోటు హద్దు, పనితీరు హద్దు రెండూ చూపించి, ఏది ముందు తగులుతుందో పేరు పెట్టి రాస్తున్నాను.

ఇక ఎన్నాళ్లు వస్తుందన్న అసలు ప్రశ్న. 80 శాతం, 90 శాతం అన్న హెచ్చరికలు దీనికి జవాబు కావు. 500 టెబిబైట్ల పూల్‌లో 10 శాతం అంటే 50, ఐదు టెబిబైట్ల పూల్‌లో అర. మిగిలిన చోటును రోజువారీ పెరుగుదలతో భాగించి తేదీగా చెబితేనే వినేవారికి ఉపయోగం. 42 టెబిబైట్లు మిగిలి రోజుకు 0.3 చొప్పున పెరుగుతుంటే 140 రోజులు. ప్రొమీథియస్‌లో ప్రెడిక్ట్ లీనియర్ అనే ఫంక్షన్ ఈ గీతను గీసి పెడుతుంది, కానీ దాన్ని యథాతథంగా నమ్మడానికి వీల్లేదు, ఎందుకంటే నిజమైన పెరుగుదల గీతలా కాక మెట్లలా ఉంటుంది. ఒక విభాగం పాత వ్యవస్థ నుంచి డేటా మొత్తాన్ని ఒక్క వారంలో తెచ్చి పడేస్తే, ఆ వారం వాలు చూసిన గీత రేపే నిండిపోతుందని చెబుతుంది; పెద్ద శుభ్రత జరిగిన నెలలో ఎప్పటికీ నిండదని చెబుతుంది. నేను అలాంటి ఒక్కసారి సంఘటనలను తేదీతో సహా ఒక పట్టికలో రాసుకుని, వాటిని తీసివేసి వాలు లెక్కవేసి, రాబోయే ప్రాజెక్టుల గురించి విభాగాలు ముందే చెప్పినవాటిని మెట్లుగా మళ్లీ కలుపుతాను. ఆ రెండో భాగానికి ఏ సాఫ్ట్‌వేరూ సాయం చేయదు. విభాగాల బాధ్యులతో క్రమం తప్పకుండా మాట్లాడటమే మార్గం.

డీడూప్లికేషన్ నిష్పత్తి విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఇప్పుడున్న డేటా మూడింట ఒక వంతుకు తగ్గుతోందని రాబోయే డేటాకూ అదే లెక్క వేస్తే ప్రమాదం. ఎన్‌క్రిప్ట్ చేసి వచ్చే ఫైళ్లు, ముందే కంప్రెస్ అయిన వీడియోలు దాదాపు ఏమీ తగ్గవు. అందుకే అంచనాలో కొత్త డేటాను రకాల వారీగా విడదీసి, తగ్గుతుందన్న ఆధారం లేనిదానికి ఒకటికి ఒకటి చొప్పునే లెక్క వేస్తున్నాను.

నిండే తేదీ తెలిశాక కొనుగోలు తేదీ దానంతట అదే వస్తుంది. ఆమోదం రావడానికి, ఆర్డరు పెట్టాక సరుకు చేరడానికి, రాక్‌లో ఎక్కించి డేటాను సర్దడానికి పట్టే కాలాన్ని వెనక్కి లెక్కించి, దానికి కొంత వెసులుబాటు కలిపి, "ఈ తేదీలోగా నిర్ణయం కావాలి" అని మొదటి పేజీలో రాస్తున్నాను. పూల్ పూర్తిగా నిండే తేదీని కాక 85 శాతం చేరే తేదీని నిండినట్టుగా లెక్కిస్తున్నాను, ఎందుకంటే అనేక ఫైల్ సిస్టమ్‌లలో ఖాళీ బ్లాకులు తగ్గేకొద్దీ కొత్త రాతలకు వరుసగా చోటు దొరకక ల్యాటెన్సీ పెరుగుతుంది.

విభాగాల వారీ వాడకం పట్టికను చేర్చినప్పుడు అభ్యంతరాలు వస్తాయని అనుకున్నాను, కానీ తమ అంకె తమకు తెలియడం వల్ల చాలామంది స్వయంగా శుభ్రతకు పూనుకున్నారు. పాత డేటా ఏదో తేల్చేటప్పుడు చివరిసారి చదివిన సమయాన్ని నమ్మకపోవడం మంచిది. పనితీరు కోసం చాలాచోట్ల ఆ నమోదును ఆపేస్తారు లేదా తగ్గిస్తారు, నమోదయ్యే చోట బ్యాకప్, యాంటీవైరస్ స్కాన్‌లు దాన్ని మార్చేసే అవకాశం ఉంటుంది. చివరిసారి మార్చిన తేదీ, ఫైలు యజమాని, ఆ యజమాని ఇంకా సంస్థలో ఉన్నారా లేదా అన్న మూడింటినీ కలిపి చూస్తే మెరుగైన జాబితా వస్తుంది. యజమాని ఎవరో తెలియని ఫోల్డర్లు విడిగా ఒక వరుసలో వస్తాయి, ఆ వరుసకు బాధ్యుణ్ణి తేల్చేదాకా అది ప్రతి నెలా కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నివేదిక మొదటి పేజీలో పూల్‌కు ఒక వరుస చొప్పున ఉంటుంది: మిగిలిన చోటు, చోటు హద్దు తేదీ, పనితీరు హద్దు స్థితి, నిర్ణయం కావలసిన తేదీ. గ్రాఫులన్నీ వెనక పేజీల్లోకి వెళ్లాయి. ఇటీవల ఆ వరుసల చివర మరొక అంకెను చేర్చాను: క్రితం త్రైమాసికంలో వేసిన అంచనా ఎంత, నిజంగా పెరిగింది ఎంత. బ్యాకప్ పూల్‌లో ఈ రెండూ దగ్గరగానే ఉంటున్నాయి. డిజైన్ విభాగం పూల్‌లో మాత్రం ఇంకా దూరంగా ఉన్నాయి కాబట్టి, వారి రాబోయే ప్రాజెక్టుల జాబితాను త్రైమాసికానికి కాక ఇకపై నెలనెలా తెప్పించుకుంటున్నాను.